గాదె ఎవరి కోసం?
బ్యాంకుల మంచి రోజుల నిల్వపై ఒక విమర్శ

పంట పండిన ఏడు దాచి, ఎండిన ఏడు తీసి వాడుకోవాలన్నది మన పల్లెల్లో పాత మాట. రైతు ఇంట గాదె ఉన్నది అందుకే. దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా చదివినవారికి ఏడు సుభిక్ష సంవత్సరాల, ఏడు క్షామ సంవత్సరాల వృత్తాంతం చెప్పనక్కరలేదు. అయితే ఆ వృత్తాంతం నుంచి మనం తరచు సగం పాఠమే తీసుకొంటాం. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ధాన్యం దాచమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. కరువు వచ్చినపుడు గాదె తలుపులు తెరిచారు. తెరిచింది ఆకలిగొన్న జనం కోసం, గాదె కాపలాదారుల కోసం కాదు. ఈ రెండవ సగం ప్రస్తుత వ్యాసానికి ఆధారం.

బ్యాంకుల ప్రపంచంలో ఈ పాత మాటకు ఇటీవలి కాలంలో కొత్త గౌరవం లభించింది. వ్యాపారాలు జోరుగా సాగే రోజుల్లో బ్యాంకులు లాభాలన్నీ పంచిపెట్టక కొంత సొంత మూలధనంగా, కొంత మొండి బాకీలకు కేటాయింపుగా పక్కన పెట్టాలి. మాంద్యం వచ్చినపుడు దాన్ని తీసి నష్టాలు భరించాలి, అప్పులివ్వటం మానరాదు. ఆర్థికవేత్తలు దీన్ని కౌంటర్ సైక్లికల్ నియంత్రణ అంటారు. మనం ఆటుపోట్ల నియంత్రణ అని పిలుచుకోవచ్చు. 2008 నాటి ప్రపంచ సంక్షోభం తరువాత, 2010 డిసెంబరులో వెలువడిన బాసెల్ 3 ఒప్పందం ఇందుకోసం 2.5 శాతం వరకు ప్రత్యేక మూలధన నిల్వను ప్రవేశపెట్టింది. మన రిజర్వు బ్యాంకు 2015 ఫిబ్రవరిలో దాని నియమాలను ప్రకటించింది.

ఈ సిద్ధాంతం తప్పని మేము అనటం లేదు. అది సగం దారిలో ఆగిందని మాత్రమే అంటున్నాం. బ్యాంకుకు గాదె కట్టించిన ఈ నియంత్రణ, బ్యాంకు వద్ద అప్పు చేసిన మనిషికి ఏ గాదె కట్టించలేదు. ఆటుపోట్లు వచ్చినపుడు బ్యాంకు మూలధన నియమం మారుతుంది గాని, చిన్న దుకాణదారు నెల వాయిదా మారదు. మన నగరపు తూర్పు భాగం, అంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల అనుభవాన్ని ముందు పెట్టుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

వడ్డీ బ్యాంకులతో మనకేం పని అని కొందరు పాఠకులు అనవచ్చు. బ్యాంకులో అప్పు చేయని మనిషి కూడా బ్యాంకు అప్పుతో లేచిన భవనంలోనే అద్దెకుంటాడు. బ్యాంకు అప్పుతో నడిచే సంస్థలోనే జీతం తీసుకొంటాడు. 2001-02 ప్రాంతంలో కృషి, చార్మినార్ సహకార అర్బన్ బ్యాంకులు మునిగినపుడు నష్టపోయినవారిలో వడ్డీ ఆశించక, కేవలం భద్రత కోసం సొమ్ము దాచుకొన్నవారూ ఉండి ఉంటారు. కనుక ఈ చర్చ అందరిదీ.

ఇద్దరు తెలుగు గవర్నర్ల కాలం

ఆటుపోట్ల నియంత్రణ అన్న మాట ప్రపంచమంతటా మారుమోగక ముందే భారతదేశంలో అది ఆచరణలోకి వచ్చింది. దాన్ని ఆచరించినవారు మన కడప జిల్లాకు చెందిన, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన డాక్టర్ వై.వి.రెడ్డి గారు. ఆయన 2003 సెప్టెంబరు నుంచి 2008 సెప్టెంబరు వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు. ఆ అయిదేళ్లూ దేశంలో ఇళ్ల అప్పులు, భూముల మీది అప్పులు, సొంత ఖర్చుల అప్పులు ఉరకలు వేసిన రోజులు.

ఆయన చేసిన పని ఏమిటి? బ్యాంకు ఒక అప్పు ఇచ్చినపుడు దానికి ఎంత సొంత మూలధనం పక్కన ఉంచాలో తేల్చటానికి 'రిస్కు వెయిట్' అనే తూకం ఉంటుంది. పది లక్షల రూపాయల గృహ ఋణానికి తూకం 50 శాతం అయితే లెక్కలోకి వచ్చేది అయిదు లక్షలు. మన దేశంలో కనీస మూలధనం 9 శాతం కనుక బ్యాంకు 45 వేల రూపాయలు ఉంచాలి. 2004 డిసెంబరులో ఈ తూకాన్ని 75 శాతం చేశారు. అంటే 67,500 రూపాయలు. అదే సమయంలో సొంత ఖర్చుల అప్పులకు తూకం 100 నుంచి 125 శాతానికి పెరిగింది. వాణిజ్య భవనాల అప్పులకు 2005లో 125 శాతం, 2006లో 150 శాతం అయింది. అనగా దుకాణ సముదాయం కట్టే బిల్డరుకు పది లక్షలిస్తే బ్యాంకు తన సొంత సొమ్ము 1,35,000 రూపాయలు కట్టిపడేయాలి.

దీనితోపాటు సక్రమంగా వసూలవుతున్న అప్పులపై కూడా ముందుజాగ్రత్తగా కేటాయింపు పెంచారు. మొదట 0.25 శాతం ఉన్నది 2005లో 0.40 శాతం అయింది. 2006లో సొంత ఖర్చుల అప్పులు, వాణిజ్య భవనాలు, 20 లక్షలు దాటిన గృహ ఋణాల విషయంలో 1 శాతం అయింది. 2007 జనవరిలో సొంత ఖర్చుల అప్పులకు, వ్యాపార భూముల అప్పులకు 2 శాతం చేశారు. వ్యవసాయం, చిన్న పరిశ్రమల అప్పులను మాత్రం ఈ పెంపు నుంచి మినహాయించారు. 2007లో 20 లక్షల లోపు గృహ ఋణాల తూకాన్ని తిరిగి 50 శాతానికి దించారు. చిన్నవాడి ఇంటికీ పెద్దవాడి వెంచరుకూ తేడా చూడటం ఈ విధానంలోని మంచి గుణం. దీన్ని మెచ్చుకోక తప్పదు.

తరువాత గవర్నరుగా వచ్చిన డాక్టర్ దువ్వూరి సుబ్బారావు గారు ఏలూరులో జన్మించినవారు. ఆయన పదవి చేపట్టిన కొద్ది రోజులకే, 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. నవంబరులో ఆయన గాదె తలుపు తెరిచారు. వాణిజ్య భవనాల తూకం 150 నుంచి 100 శాతానికి దిగింది. కేటాయింపులు దాదాపు అన్నిటికీ 0.40 శాతానికి వచ్చాయి. ఒకరు పోగు చేశారు, మరొకరు తీశారు. ఆ సంవత్సరం పాశ్చాత్య దేశాల పెద్ద బ్యాంకులు కూలిపోగా మన వాణిజ్య బ్యాంకులు నిలబడ్డాయి. దానికి ప్రభుత్వ యాజమాన్యం, విదేశీ ఋణాలు తక్కువగా ఉండటం వంటి ఇతర కారణాలు ఉన్నప్పటికీ, ఈ ముందుచూపు పాత్రను కాదనలేం.

బ్యాంకు నిలబడటం చిన్న విషయం కాదు. 1994లో మన జంట నగరాల్లోనే వెలసిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు, వాటాల మార్కెట్టు ఊపు మీద ఉన్నపుడు దాని వెంట పరుగెత్తి, ఊపు పోగానే చితికిపోయింది. 2004 జూలై 24న దానిపై మారటోరియం విధించగానే ఖాతాదారుడు పదివేల రూపాయలకు మించి తీసుకోలేని స్థితి వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో దాన్ని కలిపాకే ఖాతాదారులు ఊపిరి పీల్చుకొన్నారు. మంచి రోజుల్లో నిల్వ పెట్టని బ్యాంకు చెడ్డ రోజున ఎవరిని వీధికి లాగుతుందో హైదరాబాదుకు అనుభవపూర్వకంగా తెలుసు. అందుచేత బ్యాంకుకు గాదె అనవసరమనే వాదం మాది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చూస్తే

ఇక తూర్పు వైపు చూద్దాం. మలక్‌పేట దాటి విజయవాడ రహదారి వెంట మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ చౌరస్తా వరకు ఒకే బజారు. కోచింగు కేంద్రాలు, వాటిని నమ్ముకొన్న హాస్టళ్లు, హాస్టళ్లను నమ్ముకొన్న మెస్సులు, జెరాక్సు దుకాణాలు, బట్టల షాపులు, బంగారం దుకాణాలు. ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి ఒక దారి హయత్‌నగర్ మీదుగా విజయవాడకు, మరొకటి నాగార్జునసాగర్‌కు చీలుతుంది. ఆ రెండు దారుల వెంట ప్లాట్ల వెంచర్లు. 2007 ఏప్రిల్‌లో ఎల్.బి.నగర్ పురపాలక సంఘం మహానగర పాలక సంస్థలో కలిసింది.

ఈ బజారుకు తనదైన ఆటు, తనదైన పోటు ఉన్నాయి. 2006లో నగరం పశ్చిమాన కోకాపేట వేలంలో ఎకరం భూమి 14 కోట్ల రూపాయలు దాటినపుడు ఆ వేడి తూర్పు వెంచర్లకు కూడా తగిలింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. ఆ ఏడాది చివరినుంచి రాష్ట్ర విభజన ఆందోళనలు ముమ్మరమయ్యాయి. నగరంలో భూముల బేరాలు చల్లబడ్డాయి. ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. సరిగ్గా ఆ సమయంలోనే, 2009 నవంబరులో, రిజర్వు బ్యాంకు వాణిజ్య భవనాల అప్పులపై కేటాయింపును 0.40 నుంచి 1 శాతానికి పెంచింది. 2010 డిసెంబరులో గృహ ఋణాలు ఇంటి విలువలో 80 శాతం మించరాదని, 20 లక్షల లోపు అయితే 90 శాతం మించరాదని ఆంక్ష పెట్టింది. దేశం మొత్తం మీద చూస్తే ఆర్థిక వ్యవస్థ కోలుకొంటున్నది గనుక అది సబబే. కాని హైదరాబాదు ఇంకా కోలుకోలేదు. దేశానికి జ్వరం తగ్గిందని మందు ఆపితే, ఇంకా జ్వరంతో ఉన్న ఊరి గతి ఏమిటి?

తరువాత కూడా ఇదే జరిగింది. మెట్రో పనులు సాగిన సంవత్సరాల్లో ఈ రహదారి దుకాణాలకు గిరాకీ దెబ్బతిన్నది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు రైలు నడిచాక వెలుగు వచ్చింది. కొత్తపేటలోని గడ్డి అన్నారం పండ్ల మార్కెట్టు 2022 నాటికి బాటసింగారానికి తరలిపోయింది. దాన్ని నమ్ముకొన్న చుట్టుపక్కల వ్యాపారాలకు అదొక మాంద్యమే. ఇవేవీ జాతీయ లెక్కల్లో కనిపించవు.

సూత్రం చూడలేనిది

ఇప్పుడు 2015 నాటి నియమాన్ని పరిశీలిద్దాం. దేశంలోని మొత్తం అప్పును జాతీయోత్పత్తితో పోల్చి, ఆ నిష్పత్తి తన దీర్ఘకాలపు పోకడకన్నా ఎంత పైకి లేచిందో చూస్తారు. తేడా 3 పాయింట్లు దాటితే నిల్వ పెట్టించటం మొదలుపెట్టవచ్చు. 15 పాయింట్లకు చేరితే పూర్తి 2.5 శాతం పెట్టించవచ్చు. బ్యాంకులకు సాధారణంగా నాలుగు త్రైమాసికాల ముందు తెలియజేయాలి. ఈ ఒక్క కొలతనే గుడ్డిగా పాటించక ఇతర సూచికలను కూడా చూడాలన్న జాగ్రత్త అందులో ఉంది. అయినా 2015 నుంచి 2025 వరకు రిజర్వు బ్యాంకు ఈ నిల్వను సమీక్షిస్తూ, అవసరం లేదని ప్రకటిస్తూ వచ్చిందే తప్ప ఒక్కసారి కూడా అమలులో పెట్టలేదు. పదేళ్లుగా ఖాళీగా ఉన్న గాదె ఇది.

ఆ పదేళ్లలో అప్పుల పొంగు రాలేదా? వచ్చింది. 2023 నవంబరు 16న రిజర్వు బ్యాంకు సొంత ఖర్చుల అప్పులపై తూకాన్ని 100 నుంచి 125 శాతానికి, బ్యాంకుల క్రెడిట్ కార్డు బాకీలపై 125 నుంచి 150 శాతానికి పెంచవలసి వచ్చింది. ఫైనాన్సు కంపెనీలకు బ్యాంకులిచ్చే అప్పులకు కూడా తూకం పెంచి, 2025 ఫిబ్రవరిలో ఆ చివరి పెంపును ఉపసంహరించింది. అంటే అవసరం పడినపుడు చేతికందినది బాసెల్ సూత్రం కాదు, 2004 నాటి పాత పద్ధతే. దేశమంతటికీ ఒకే కొలత పెట్టే సూత్రం కన్నా, ఏ రకం అప్పు పొంగుతున్నదో కళ్లతో చూసి దానికే కళ్లెం వేసే పద్ధతి మేలని ఆచరణే తీర్పు చెప్పింది.

కాని ఆ పద్ధతికీ ఒక లోపం ఉంది. ఒక కాలువకు అడ్డుకట్ట వేస్తే నీరు మరో కాలువలోకి పోతుంది. 2023 పెంపు నుంచి బంగారం తాకట్టు అప్పులను మినహాయించారు. తరువాతి కాలంలో అవి ఎంతో వేగంగా పెరిగాయి. హామీ లేని అప్పు దొరకని కుటుంబం చివరికి ఇంటి ఆడవారి నగలు పట్టుకుపోవలసి వచ్చింది. 2006-10 మధ్య మరో ఉదాహరణ చూశాం. బ్యాంకులు భూముల అప్పులపై కట్టుదిట్టమైన రోజుల్లోనే, అవే బ్యాంకుల సొమ్ము సూక్ష్మ ఋణ సంస్థల ద్వారా పేద మహిళల వాడలకు పారింది. ఒకే గడపకు మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా ఆ పొంగును ఆపినవారు లేరు. ఇక చిట్టీలు, రోజువారీ వసూలు ఫైనాన్సులు ఈ మూలధన నియమాలకు పూర్తిగా వెలుపలే ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ వంటి బజారులో చిన్న వర్తకుడి అప్పులో ఎంత భాగం బ్యాంకుది, ఎంత భాగం వీటిది అని అడిగితే, నియంత్రణ ఎంతవరకు చేరుతున్నదో అర్థమవుతుంది.

2020: అసలు పరీక్ష

ఏ గాదెకైనా అసలు పరీక్ష కరువులోనే. 2020 మార్చి చివరలో దేశమంతా తలుపులు మూసినపుడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. పిల్లలు సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. హాస్టలు నడిపేవారిలో చాలామంది భవన యజమానులు కారు. అడ్వాన్సు కట్టి, మంచాలు, పరుపులు, వంటపాత్రలు అప్పు మీద కొని, నెల నెలా అద్దె కట్టేవారు. వారికి ఆదాయం ఒక్కరోజులో సున్నా అయింది. వాయిదా, అద్దె మాత్రం యథాతథం.

మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలల మారటోరియానికి అనుమతించింది. తరువాత ఆగస్టు 31 వరకు పొడిగించింది. వాయిదా ఆగింది గాని వడ్డీ ఆగలేదు. నెలకు ఒక శాతం వడ్డీ మీద పది లక్షల బాకీ ఉన్న మనిషిని తీసుకొందాం. ఆరు నెలలకు సాధారణ వడ్డీ 60,000 రూపాయలు. వడ్డీ మీద వడ్డీ కలిపితే 61,520 రూపాయలు. దీనిపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడిచింది. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం రెండు కోట్ల లోపు బాకీదారులకు ఆ తేడాను తిరిగి ఇచ్చే పథకం ప్రకటించింది. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు, మారటోరియం కాలానికి వడ్డీపై వడ్డీ ఎవరి వద్దా తీసుకోరాదని తీర్పు ఇచ్చింది. వడ్డీని పూర్తిగా మాఫీ చేయాలన్న కోరికను మాత్రం నిరాకరించింది. కనుక మనం చెప్పుకొన్న మనిషికి దక్కిన ఉపశమనం 1,520 రూపాయలు. తక్కిన 60,000 అతని నెత్తిమీదనే ఉన్నాయి.

ఇప్పుడు బ్యాంకు వైపు చూడండి. 2009 తరువాత బ్యాంకులు మొండి బాకీలపై 70 శాతం కేటాయింపు చేరాలన్న నియమం వచ్చింది. అందులో అవసరానికి మించిన మొత్తాన్ని కౌంటర్ సైక్లికల్ ప్రొవిజనింగ్ బఫర్ అనే ప్రత్యేక ఖాతాలో ఉంచారు. 2014లో అందులో 33 శాతం, 2015లో 50 శాతం వాడుకోవటానికి అనుమతి వచ్చింది. 2021 మే 5న, రెండవ విడత కోవిడ్ కాలంలో, 2020 డిసెంబరు 31 నాటికి ఉన్న మొత్తాన్ని, అంటే నూటికి నూరు పాళ్లు, మొండి బాకీలకు వాడుకోవచ్చునన్నారు. గాదె తలుపు పూర్తిగా తెరుచుకొన్నది. అయితే లోపలికి పోయినది బ్యాంకు ఒక్కటే. ఈ సొమ్ము తీసుకొన్న బ్యాంకు అందుకు బదులుగా ఏ బాకీదారు భారాన్నయినా అంతమేరకు తగ్గించాలన్న షరతు ఎక్కడా లేదు.

న్యాయంగా చెప్పాలంటే అప్పుల పునర్వ్యవస్థీకరణకు 2020 ఆగస్టులోను, 2021 మేలోను అవకాశమిచ్చారు. ప్రభుత్వ హామీతో వ్యాపారులకు అదనపు ఋణం ఇచ్చే పథకం కూడా వచ్చింది. కాని మొదటిది గడువును పొడిగించి మొత్తం వడ్డీని పెంచింది. రెండవది పాత అప్పుకు కొత్త అప్పును జోడించింది. అప్పటికే బ్యాంకుకో, గుర్తింపు పొందిన ఫైనాన్సు కంపెనీకో బాకీ ఉన్నవారికే అది అందింది. రోజువారీ వసూలు ఫైనాన్సు మీద నడిచిన హాస్టలుకు అందలేదు.

బఖరహ్ సూరాలోని 280వ ఆయతు ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వాలని, మాఫీ చేయటం ఇంకా మేలని బోధిస్తుంది. ఆ గడువులో బాకీ పెరగటమనేది లేదు. మారటోరియానికీ ఈ గడువుకూ మధ్య ఉన్న దూరమే మన విమర్శ సారాంశం. ఒకటి సమయాన్ని అమ్ముతుంది, రెండవది సమయాన్ని ఇస్తుంది.

మన ఇంటి సంగతి

అయితే వడ్డీ బ్యాంకులను విమర్శించి చేతులు దులుపుకోవటం న్యాయం కాదు. ఇస్లామీయ ఆర్థిక సంస్థలు ఈ పరీక్షలో ఎలా ఉన్నాయి? దుబాయిలో గృహాలకు షరీఅత్ పద్ధతిలో సొమ్ము సమకూర్చిన అమ్లాక్, తమ్‌వీల్ సంస్థలు ఇళ్ల ధరలు పొంగినన్నాళ్లు పొంగాయి. 2008 నవంబరులో మార్కెట్టు కూలగానే వాటి వాటాల క్రయవిక్రయాలు నిలిచిపోయాయి. పేరు మారినంత మాత్రాన ఆటుపోట్లు ఆగవని అది నిరూపించింది. మురాబహా అమ్మకంలో ధర ముందే స్థిరమై, వాయిదాల్లో చెల్లించవలసి ఉంటుంది. బాకీ పెరగదు, నిజమే. కాని కొనుగోలుదారు ఆదాయం పడిపోతే వాయిదా కూడా తగ్గదు. లాభనష్టాల్లో వాటా పంచుకొనే ముషారకహ్, ముదారబహ్ పద్ధతులే ఆటుపోట్లను ఇద్దరి మధ్య పంచుతాయి. ఆచరణలో ఇస్లామీయ బ్యాంకులు ఎక్కువగా నడిపేది మొదటి పద్ధతినే.

అలాగే ఆ బ్యాంకుల్లో లాభ సమీకరణ నిధి అనే ఏర్పాటు ఉంది. మంచి ఏడాది లాభంలో కొంత దాచి, చెడ్డ ఏడాది డిపాజిటుదారులకు పంచుతారు. ఇదీ గాదెయే. కాని ఇదీ సొమ్ము పెట్టినవారికే గాని, సొమ్ము తీసుకొన్నవారికి కాదు. అందుచేత మన ప్రశ్న ఇరుపక్షాలకూ వర్తిస్తుంది.

స్పెయిన్ అనుభవం కూడా ఇదే బోధిస్తుంది. 2000లోనే ఆ దేశపు కేంద్ర బ్యాంకు మంచి రోజుల్లో ఎక్కువ కేటాయించే నియమాన్ని తెచ్చి ప్రపంచపు మెప్పు పొందింది. అయినా భూముల పొంగు ఆగలేదు. 2012లో బాంకియా వంటి పెద్ద బ్యాంకును ప్రభుత్వం ఆదుకోవలసి వచ్చింది. నిల్వ బ్యాంకుకు కొంత సమయాన్ని ఇచ్చింది గాని, ఇళ్లు పోగొట్టుకొన్న కుటుంబాలను కాపాడలేదు.

గాదెకు రెండవ తలుపు

మరి ఏం చేయాలి? మొదటిది, నిల్వను తీసేటపుడు షరతు ఉండాలి. బ్యాంకు ఎంత సొమ్ము వాడుకొంటున్నదో అందులో నిర్ణీత భాగం మేరకు, ఆదాయం కోల్పోయిన చిన్న బాకీదారుల వడ్డీని తగ్గించి చూపాలి. దీనివల్ల డిపాజిటుదారుల భద్రత దెబ్బతింటుందన్న అభ్యంతరం వస్తుంది. అది తేలికగా తీసివేయదగిన అభ్యంతరం కాదు. గ్లోబల్ ట్రస్ట్ అనుభవం మనకుంది. కాని భరించలేని బాకీని పూర్తిగా మొండిగా మారనిచ్చి, ఆస్తిని వేలం వేసి, మూడవ వంతు రాబట్టుకోవటం కన్నా, సకాలంలో కొంత వదులుకొని మిగతా రాబట్టుకోవటం డిపాజిటుదారుకు కూడా మేలే. ఈ మాట అనుభవం గల ఏ బ్యాంకు మేనేజరైనా ఒప్పుకొంటాడు.

రెండవది, దేశానికంతటికీ ఒకే కొలత చాలదు. జిల్లాలవారీ అప్పులు, డిపాజిట్ల లెక్కలు రిజర్వు బ్యాంకు వద్దనే ఉన్నాయి. భూముల రిజిస్ట్రేషన్ల లెక్కలు రాష్ట్ర ప్రభుత్వం వద్ద ఉన్నాయి. రెంటినీ కలిపి చూస్తే రంగారెడ్డి జిల్లాలో పొంగు ఎప్పుడు, కుంగు ఎప్పుడు అన్నది తెలియకపోదు. ఇంటి విలువలో ఎంత శాతం అప్పు ఇవ్వాలన్న పరిమితినైనా ప్రాంతాన్ని బట్టి మార్చవచ్చు.

మూడవది, ఫైనాన్సు కంపెనీలు, సూక్ష్మ ఋణ సంస్థలు, చిట్టీలు ఈ లెక్కకు వెలుపల ఉన్నంతకాలం అడ్డుకట్ట ఒకవైపు, గండి మరొకవైపు అవుతుంది.

నాలుగవది మన వంతు. వడ్డీలేని పరపతి సంఘాలు హైదరాబాదుకు కొత్త కావు. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ గారు 1955లోనే ఈ విషయంలో హైదరాబాదు చేసిన కృషిని గురించి ఒక పరిశోధన వ్యాసం రాశారు. అటువంటి సంఘాలు మన బస్తీల్లో నడుస్తున్నచోట, మంచి సంవత్సరంలో వచ్చిన విరాళాల్లో, రుసుముల్లో కొంత భాగాన్ని విడిగా ఉంచాలి. అది సంఘాన్ని కాపాడటానికి మాత్రమే కాక, చెడ్డ ఏడాది సభ్యుని వాయిదాను వాయిదా వేయటానికి, అవసరమైతే మాఫీ చేయటానికి అని నియమావళిలో స్పష్టంగా రాసుకోవాలి. రిజర్వు బ్యాంకుకు మనం చెప్పదలచిన మాట ముందు మన పద్దు పుస్తకంలో కనబడాలి.

ఆటుపోట్ల నియంత్రణ బ్యాంకులకు వివేకం నేర్పింది. అది సామాన్యమైన మేలు కాదు. డాక్టర్ రెడ్డి గారి కాలపు ముందుచూపు ఈ దేశానికి చేసిన మేలు చరిత్రలో ఉంటుంది. అయితే ఆ వివేకానికి న్యాయం తోడు కావాలి. మంచి రోజుల్లో తూకం పెరిగినపుడు ఎక్కువ వడ్డీ రూపంలో ఆ భారాన్ని మోసింది బాకీదారు. చెడ్డ రోజుల్లో గాదె తెరిచినపుడు ఆ ధాన్యంలో అతనికి వాటా ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్నకు సమాధానం దొరికేదాకా ఈ నియంత్రణ సగం కట్టిన గాదెగానే ఉంటుంది.